పురుషోత్తం సార్ చూడని రేవు

ఇల్లందు బస్టాండులో ఎక్కిన ముసలామె నా పక్కన కూర్చుని, కండక్టరు మా దాకా రాకముందే కొంగుముడి విప్పి ఒక పచ్చి నిమ్మకాయ తీసింది. గోరుతో తొక్క గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. బస్సు పడని వాళ్ళు చేసే పనే అది, అందులో వింతేమీ లేదు. కానీ ఆ వాసన నా దాకా రాగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె గమనించింది. "నీకు గూడ పడదా బిడ్డా? ఇగో, తీస్కో" అంటూ కాయ నా చేతిలో పెట్టబోయింది. "నాకు పడుతది అవ్వా. మా సారుకు పడకపోతుండె" అన్నాను. ఆమెకు నా మాట తలా తోకా తెలిసి ఉండదు. ఒకసారి ఎగాదిగా చూసి, కాయను మళ్ళీ ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. బస్సు బొగ్గు లారీల వెనక నెమ్మదిగా కదిలింది. వేసవి సెలవులు అయిపోయి, నేను ఇంగ్లీషు చెప్పే ఆశ్రమ పాఠశాల తెరిచే రోజు అది. బడి భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది. అక్కడ దిగేదాకా నేను ఇంకో మనిషితో ప్రయాణం చేస్తున్నట్టే ఉంది.

ఆ మనిషి పేరు పురుషోత్తం. నేను ఇల్లందులో డిగ్రీ చదివినప్పుడు మాకు ఇంగ్లీషు లెక్చరర్. మధిర వైపు వారు కావడంతో మాటలో కోస్తా యాస కాస్త కలిసేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఉండేవారు. బొగ్గు దుమ్ము పడే ఊళ్ళో తెల్లచొక్కా వేసుకునే ధైర్యం ఆయనొక్కరికే ఉండేది. ఆయన చెప్పే పాఠం యాత్రా రచన. బస్సెక్కితే మాత్రం రెండో మలుపు తిరగకముందే కిటికీ వెతుక్కునేవారు. ఓడలెక్కి లోకం చుట్టొచ్చిన వాళ్ళ గురించి గంటలు గంటలు చెప్పే మనిషి, ఖమ్మం పోవాలంటే స్కూటరు మీద కారేపల్లి దాకా వెళ్ళి, దాన్ని తెలిసిన వాళ్ళింట్లో పెట్టి, ప్యాసింజరు రైలెక్కేవారు. బస్సు తప్పని రోజుల్లో జేబులో నిమ్మకాయ ఉండేది. మేము చాటున నిమ్మకాయ సార్ అనుకునేవాళ్ళం. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఒక రోజు క్లాసులోకి వస్తూనే జేబులోంచి కాయ తీసి బల్ల మీద పెట్టి, "ఇవాళ సముద్రయానం. ఎవరికైనా కావాలంటే వాడుకోండి" అని పాఠం మొదలుపెట్టారు.

ఆఖరి ఏడాదిలో మాకు యాత్రా రచన మీద ఒక పేపరు ఉండేది. దాన్ని తీసుకున్న వాళ్ళం పిడికెడు మందిమి. చాలామంది బాయి పనివాళ్ళ పిల్లలు. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటారు. నేనొక్కదాన్నే ఏన్కూరు దాటి అడవిలోకి మళ్ళే మట్టిదారి చివరున్న కోయగూడెం నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. మొదటి రోజు సార్ పుస్తకం తెరవలేదు. "శ్రీరామనవమికి భద్రాచలం నడిచి వెళ్ళేవాళ్ళని చూశారా?" అని అడిగారు. చూడని వాళ్ళెవరు? "నడిచేటప్పుడు ఏం చేస్తారు వాళ్ళు?" అన్నారు. భజన చేస్తరన్నారు కొందరు. "ముచ్చట్లు పెట్టుకుంటరు సార్" అన్నాను నేను. ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ సంగతి. ఇంగ్లీషు వాళ్ళకు యాత్రల రాత దాదాపు అక్కడే మొదలైంది. మొక్కు తీర్చుకోను పోయినవాడు తిరిగొచ్చి, ఏ సత్రంలో నల్లులున్నాయో, ఏ ఊళ్ళో నీళ్ళు తియ్యగా ఉంటాయో, ఎక్కడ మోసం చేస్తారో చెప్పాడు. మొక్కు దేవుడికి, ముచ్చట మనకి" అన్నారు.

ఆ తర్వాత వర్తకులు, నావికులు వచ్చారు. వాళ్ళ రాతల్లో గాలి ఎటు వీస్తోంది, నీళ్ళ లోతెంత, ఏ రేవులో మిరియాలు దొరుకుతాయి, అంతే. వాళ్ళ వెనక ధనవంతుల ఇళ్ళ కుర్రాళ్ళు. చదువయ్యాక నాలుగు దేశాలు తిరిగి రాకపోతే వాళ్ళను పెద్దమనుషులుగా లెక్కవేసేవారు కాదట. పాత శిథిలాల ముందు నిలబడి నిట్టూర్చడం అప్పట్లో చదువులో భాగం. ఆ పైన సర్వేయర్లు, సైనికాధికారులు, మత ప్రచారకులు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆడవాళ్ళ సంగతి. "ఇంట్లో కుర్చీలో కూర్చుని రాసుకునే వీల్లేని ఆడవాళ్ళు ఒంటె మీద కూర్చుని రాశారమ్మా" అన్నారు సార్. ఊరు దాటాక వాళ్ళను అడిగేవాళ్ళు లేరు. ఇంటికి దూరమైన కొద్దీ వాళ్ళ వాక్యానికి బలం వచ్చింది. ఆ మాట విన్న రోజు రాత్రి హాస్టల్ మంచం మీద పడుకుని, నేను కూడా ఎక్కడికో పోతున్నట్టు ఊహించుకున్నాను. ఎక్కడికో తెలియదు. అప్పటికి నేను ఖమ్మం కూడా సరిగ్గా చూడలేదు.

అయితే సార్ ఆ పుస్తకాలను కథల్లా చెప్పి వదిలేసే రకం కాదు. "చూసొచ్చానన్న వాడి మాటకు ఎప్పుడూ విలువెక్కువ. ఆ మాటను నమ్మి పటాలు గీశారు. పటాలు పట్టుకుని కంపెనీలు వచ్చాయి. మీ నాన్నలు దిగే బాయి కూడా అంతే. ఎవడో ఈ అడవిలో నడుచుకుంటూ వచ్చి, ఒక నల్లరాయి తిరగేసి చూసి, ఇంటికి పోయి రాసుకున్నాడు" అన్నారొకసారి. అప్పటిదాకా యాత్రా రచన అంటే ఎక్కడో మంచుకొండల గురించి అనుకున్నాం. అది మా నాన్నల డ్యూటీ బూట్ల దాకా, మా గూడెం దాకా వచ్చిందని అప్పుడు తెలిసింది. ఎవరు చూశారు, ఎవరిని చూశారు, చూసినవాడు ఏం రాశాడు, చూడబడిన వాళ్ళకు రాసుకునే వంతు వచ్చిందా అని ఆయన ప్రతి పాఠం చివరా అడిగేవారు. పరీక్షలో రాని ప్రశ్నలు. ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్నలు అవే.

ఆ ఏడాది కాలేజీ తెరిచిన కొత్తలోనే ఒక రోజు సార్ జిరాక్సు కాగితాలు పంచారు. ఎప్పుడో ఈ అడవిదారిన గోదావరి వైపు ఎడ్లబండి మీద ప్రయాణం చేసిన ఒక తెల్లదొర రాసుకున్న పేజీ. దారిలో ఒక చోట ఆడవాళ్ళు తాడు అడ్డంగా పట్టి, పాటలు పాడుతూ బండిని ఆపారట. దొంగల ముఠా ఆడవాళ్ళను ముందు పంపిందని దొర అనుకున్నాడు. తుపాకీ గాల్లో పేల్చాడు. వాళ్ళు పారిపోయారు. అతిథి అంటే ఏమిటో తెలియని జాతి అని రాసి, తన తెలివిని తానే మెచ్చుకున్నాడు. చదవడం పూర్తవగానే వెనక బెంచీలోంచి ఒకడు "జయా, గా ముఠాల మీ నాయనమ్మ గూడ ఉన్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. సార్ గట్టిగా కసిరారు కానీ అప్పటికే అయిపోయింది. నేను ఆ సాయంత్రమే సంచి సర్దుకుని ఊరికి వెళ్ళిపోయాను. ఇక చదవనని అమ్మకు చెప్పాను. ఎందుకని అడిగితే తలనొప్పి అన్నాను. జరిగింది అమ్మకు చెబితే ఆమె కూడా ఆ క్లాసులో, ఆ నవ్వుల మధ్య కూర్చోవలసి వస్తుందని నాకు అనిపించింది.

ఆ తాడు సంగతి ఈ ప్రాంతం తెలియని వాళ్ళకు చెప్పాలి. వానలకు ముందు, విత్తనాలు వేయబోయే రోజుల్లో మా గూడేల్లో భూమి పండుగ చేస్తారు. మగవాళ్ళు అడవికి వేటకు పోతారు. ఇప్పుడు వేట పేరుకే. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడో వెదురు గడో పట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. ఆడతారు, పాడతారు, పండుగ ఖర్చుకు ఎంతో కొంత ఇవ్వమంటారు. ఇచ్చినవాడు నవ్వుతూ పోతాడు. ఆ ఏడాది వానలు ఆలస్యమై పండుగ వెనక్కి జరిగింది. నేను చదువు మానేసి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, అమ్మతో, చిన్నమ్మతో కలిసి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాను. దూరం నుంచి ఒక స్కూటరు వస్తోంది. మీద తెల్లచొక్కా. మా సారే. తాడు వదిలి చెట్టు చాటుకు పోదామంటే చిన్నమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

సార్ తాడుకు కొంచెం దూరంలోనే స్కూటరు ఆపి, దిగకుండా, జేబులోంచి ఒక నోటు తీసి చేయి చాపారు. చిన్నమ్మ నోటు తీసుకుంది కానీ తాడు దించలేదు. "గిట్ల పైసలిచ్చి పోతే ఎట్ల సార్? దిగుండ్రి. పాట పాడుండ్రి" అంది. "నాకు పాటలు రావమ్మా" అన్నారు సార్. "పాట రానోడు ఉంటడా? అన్నం తినెటోనికి పాట వస్తది" అంది అమ్మ. ఆయన స్కూటరు దిగి, చెమట తుడుచుకుని, చాలాసేపు ఆలోచించారు. చివరకు గొంతు సవరించుకుని, చిన్నప్పుడు రైలాట ఆడేటప్పుడు పాడుకున్న వరుసలో స్టేషన్ల పేర్లు మొదలుపెట్టారు. మధిర, మోటమర్రి, బోనకల్లు, చింతకాని, ఖమ్మం, డోర్నకల్లు, కారేపల్లి. ఆడవాళ్ళు దానికి అడుగు కలిపేశారు. కారేపల్లి దగ్గర పాట ఆగిపోతే చిన్నమ్మ మళ్ళీ మధిర నుంచి ఎత్తుకోమంది. తిరుగు ప్రయాణం కూడా పాడించి గానీ వదల్లేదు. మా సారును అంత నిస్సహాయంగా, అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

తర్వాత మా ఇంటి ముందు మంచం మీద కూర్చుని జావ తాగుతూ ఆయన అమ్మతో చెప్పారు. "ఇన్నేళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నానమ్మా. పండుగ రోజుల్లో తాడు కనిపిస్తే చాలు, స్కూటరు తిప్పుకుని వెనక్కి పోయేవాణ్ణి. అందరి ముందు పాడమంటారని భయం." అమ్మ నవ్వింది. "పాడకపోయినా ఒదిలేటోళ్ళం సార్. జరసేపు ఆగితె సాలు" అంది. "ఎందుకు ఆపుతారు?" అన్నారు. "పైసల కోసమే. కల్లుకు గావాలె గద" అంది అమ్మ, ఏమాత్రం మొహమాటం లేకుండా. గిన్నెలో ఇంకాస్త జావ పోస్తూ, "ఆగినోళ్ళు యాదుంటరు సార్. ఉరికిపోయినోళ్ళు ఎవలో ఏందో" అంది. సార్ జావ గిన్నె కింద పెట్టి నా వైపు చూశారు. "విన్నావా? ఆ దొర పేజీలో ఈ మాట లేదు. ఉండదు. ఆగలేదు కదా వాడు. నువ్వు చదువు మానేస్తే ఈ దారి గురించి వాడు రాసిందే మిగులుతుంది. రేపు సోమవారం క్లాసుంది, వస్తావా?" అన్నారు. క్షమాపణ చెప్పలేదు, బుజ్జగించలేదు. నేను "అవ్ సార్" అన్నాను. వెళ్ళేటప్పుడు అమ్మ ఆయనకు ఇప్పపూలు పొట్లం కట్టి ఇచ్చింది.

వెనక్కి వెళ్ళాక నేను పట్టుదలతో రాయడం మొదలుపెట్టాను. మా గూడెం మీద ఒక వ్యాసం ఇంగ్లీషులో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, దిద్ది దిద్ది రాశాను. పొద్దున్నే పొగమంచులో కుండ మోసుకెళ్ళే అమాయకపు అడవి స్త్రీ, లోకం పోకడ తెలియని పసి మనసుల జనం, కాలం నిలిచిపోయిన గుడిసెలు. నా రాత చూసుకుని నేనే మురిసిపోయాను. సార్ స్టాఫ్ రూముకు పిలిచారు. "ఇంత మంచి ఇంగ్లీషు ఈ కాలేజీలో నేను కూడా రాయలేనమ్మా" అన్నారు. నా అడుగు నేల మీద పడలేదు. "ఒక్క విషయం చెప్పు. ఇది రాసిన మనిషి మీ గూడేనికి ఎటునుంచి వచ్చింది?"

"ఏంది సార్?"

"రోడ్డు మీద బండి దిగి, రుమాలుతో మొహం తుడుచుకుని, అబ్బ ఎంత అమాయకులో అనుకుంటూ వచ్చింది కదా. నువ్వు ఎప్పుడన్నా అటునుంచి వచ్చావా?"

నేను వంగి నా కాగితం మీది మొదటి వాక్యం మళ్ళీ చదివాను.

"ఈ కుండ మోసే ఆడమనిషి ఎవరు?"

"మా అమ్మ సార్."

"పేరు?"

"ముత్తమ్మ."

"మరి ఇందులో లేదే" అన్నారు, కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "మీరే గద సార్ గా పుస్తకాలు సదివిచ్చింది. గట్లనే రాసిన" అన్నాను. ఆయన నవ్వబోయి ఆగిపోయారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అవునమ్మా. వాళ్ళు తరాల తరబడి పట్టుకున్న కలం అది. మన చేతికొచ్చాక కూడా అటే గీస్తుంది. నేను కూడా మా ఊరి గురించి రాయాలని కూర్చుంటే మొదటి వాక్యంలో కొబ్బరిచెట్లు వస్తాయి. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు లేవు" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. వ్యాసం నాకు తిరిగిచ్చేశారు, మార్కులేమీ వేయకుండా. నేను మళ్ళీ రాశాను. మళ్ళీ ఇచ్చారు. ఆ కాగితాల్లో ముత్తమ్మ నిజంగా మాట్లాడటం మొదలుపెట్టేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి.

సార్‌కు ఒక కోరిక ఉండేది. ఇంగ్లండు దక్షిణాన ఒక చిన్న రేవు పట్టణం. ఆయన చెప్పే పుస్తకాల్లో సగం ఓడలు అక్కడినుంచే బయలుదేరాయని అనేవారు. ఆ ఊరి వీధులన్నీ ఆయనకు పుస్తకాల వల్లే తెలుసు. చేపల బజారు ఎటు, చర్చి గంట ఎక్కడినుంచి వినిపిస్తుంది, నీళ్ళ దగ్గరికి దిగే రాతిమెట్లు ఎక్కడ, అన్నీ చెప్పేవారు. సెలవు రోజుల్లో మమ్మల్ని ఊరి బయట, బొగ్గు కోసం పైనుంచి తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గుంత దగ్గరికి తీసుకెళ్ళేవారు. వాననీళ్ళు నిండి అది పెద్ద చెరువంత ఉండేది. గట్టున నిలబడి నావికుల్లా రాయమనేవారు. గాలి బొగ్గు కుప్పల వైపు నుంచి, ఓడ మీద సరుకు మిరపకాయ బజ్జీలు, ఒక నావికుడికి చెప్పు తెగింది, ఇట్లా ఏవో రాసి చదివి వినిపించేవాళ్ళం. ఆయన మాత్రం వింటూ వింటూ నీళ్ళ వైపే చూసేవారు. "మీరెందుకు పోలేదు సార్ గా ఊరికి?" అని అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పేవారు. సెలవు దొరకలేదని, ఇంట్లో బాగాలేదని, విమానంలోకి నిమ్మకాయ తీసుకుపోనివ్వరని. అసలు కారణం నాకు ఇప్పటికీ తెలియదు. అడిగేంత చనువు వచ్చేనాటికి అడగాలనిపించలేదు.

డిగ్రీ తర్వాత నేను బీఈడీ చేసి టీచరునయ్యాను. సార్ రిటైరై మధిర వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా క్లాసు ఫోనులోకి మారింది. నేను ఏం రాసినా, బడి పిల్లల గురించైనా, గోదావరి వరదల గురించైనా, ఫొటో తీసి పంపేదాన్ని. ఆదివారం ఉదయం ఫోన్ వచ్చేది. నా వాక్యాలను నాకే పైకి చదివి వినిపించేవారు. బాగుంటే ముందుకు పోయేవారు. ఎక్కడైనా ఆగి మౌనంగా ఉంటే ఆ వాక్యం పోయినట్టే లెక్క. తప్పేమిటో చెప్పేవారు కాదు, నేనే వెతుక్కోవాలి. ఎన్ని ఆదివారాలు ఆ మౌనాన్ని తిట్టుకున్నానో. ప్రతి ఫోన్ చివరా ఒకటే మాట. "వాళ్ళొచ్చి మనల్ని చూసి రాశారు. నువ్వు ఆ రేవుకి పోయి, ఆగి, వాళ్ళని చూసి రాయాలి. నేను చదవాలి. ఒప్పందమేనా?" ఒప్పందమే అనేదాన్ని. మాకిద్దరికీ అది జరగదని తెలుసు కాబట్టి తేలిగ్గా అనేదాన్ని.

జరిగింది. టీచర్లకు ఏదో శిక్షణ, ఇంగ్లండులో కొద్ది వారాలు, మా జిల్లా నుంచి నా పేరు వచ్చింది. వార్త తెలియగానే ముందు ఫోన్ చేసింది అమ్మకు కాదు, సార్‌కు. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. వాక్యం పోయిందనుకున్నాను. తర్వాత గొంతు వచ్చింది. "శిక్షణలో ఆదివారాలు ఖాళీయేనా?" అన్నారు. ఖాళీయే అన్నాను. ఇక ఆయన ఆగలేదు. ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ వీధిలోంచి నడిస్తే నీళ్ళు ముందుగా కనిపిస్తాయి, అన్నీ చెప్పారు. "పోగానే రాయకు. ఊరికే కూర్చో. ఎవరన్నా వచ్చి నువ్వెవరని అడిగేదాకా రాయకు. అంతవరకు నువ్వే వాళ్ళని చూస్తున్నావు. అడిగాక గానీ ఇద్దరూ ఉండరు అక్కడ" అన్నారు. ఆ రోజు ఆయన గొంతులో ఆయాసం ఉంది. మెట్లెక్కి వచ్చారేమో అనుకున్నాను.

ప్రయాణం ఇంకా కొన్ని రోజులు ఉండగానే అమ్మగారు, అంటే సార్ భార్య, ఫోన్ చేశారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పారు. "నీ వీసా వచ్చిందని రాత్రి చెప్పానమ్మా. విన్నారు. మంచిది అన్నారు" అన్నారామె. నేను మధిర వెళ్ళాను. తెల్లచొక్కా వేసి పడుకోబెట్టారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆగిన మనిషి ఇంకొన్ని రోజులు ఆగలేకపోయారా అనిపించింది. తిరిగి వస్తూ రైల్లో కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చాను. ఇంగ్లండు పోవద్దనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "సారు పొమ్మన్నడు గద. పోయిరా" అంది.

ఆ రేవుకి ఒక ఆదివారం వెళ్ళాను. సార్ చెప్పిన వీధిలోంచే నడిచాను. నీళ్ళు ఆయన చెప్పిన మలుపులోనే కనిపించాయి. రాతిమెట్లు ఉన్నాయి. చేపల బజారు లేదు, అక్కడ కాఫీ అంగళ్ళున్నాయి. చర్చి గంట ఆయన చెప్పిన వైపు నుంచి కాక ఇంకో వైపు నుంచి వినిపించింది. అది చెప్పాలని అప్రయత్నంగా ఫోన్ తీశాను. పేరు దాకా వెళ్ళాను. పురుషోత్తం సార్. వేలు అక్కడే ఆగిపోయింది. ఆదివారం ఉదయం, మా ఇద్దరికీ అలవాటైన వేళ. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంత దూరం వచ్చి, ఆయన కోరుకున్న చోట కూర్చుని, ఆయనకు చెప్పలేకపోవడం నాకు భరించరానిదిగా ఉండింది. జనం పక్కనుంచి పోతూనే ఉన్నారు. ఎవరూ ఆపలేదు. చాలాసేపటికి కాఫీ అంగడి బల్లలు తుడుస్తున్న ఒకామె దగ్గరికి వచ్చి, నేను బాగానే ఉన్నానా, ఎక్కడినుంచి వచ్చానని అడిగింది. ఇండియా అని చెప్పవచ్చు, తెలంగాణ అని చెప్పవచ్చు. నా నోటికి మాత్రం "మా సార్ పంపితే వచ్చాను" అని ఇంగ్లీషులో వచ్చింది. ఆమె తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని నా పక్క మెట్టు మీద కూర్చుంది. పేరు మార్గరెట్ అంది. నేను బస్సు పడని మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మా బడిలో ఊరికి కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా, ఆఫీసరైనా, డాక్టరైనా, జలపాతం చూడటానికి వచ్చి దారి తప్పిన కుటుంబమైనా, పిల్లలతో రాయిస్తాను. వచ్చినవాళ్ళు ఏం అడిగారు, ఏం అడగలేదు, ఎంతసేపు ఆగారు. పిల్లలు నిర్మొహమాటంగా రాస్తారు. కొందరు నన్ను కూడా వదలరు. పోయిన ఏడాది ఒక పిల్ల, మా టీచర్ ఆదివారం పొద్దున ఫోన్ చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంటుందని రాసింది. ఆ వాక్యం నేను దిద్దలేదు.

రేవు గురించి రాయడం మాత్రం ఇప్పటికి కుదిరింది. మొదలుపెట్టి చూస్తే అది రేవు గురించి కాకుండా ఇలా వచ్చింది. మార్గరెట్ గురించి ఇంకా చాలా ఉంది, అది ఇంకెప్పుడైనా. రాసినంత వరకు ఒకసారి పైకి చదువుకున్నాను. ఆగవలసిన చోటు ఎక్కడుందో నాకు తెలియడం లేదు. పురుషోత్తం సార్ వినకుండా నేను బయటికి పంపుతున్న మొదటి రాత ఇది.